జూన్‌లో చేతికొచ్చే డబ్బు

(ఒక డిగ్రీ కళాశాలలో ఆర్థికశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసల వాళ్లకి వినపడుతోందా? సరే.

సర్కారు నేరుగా చేతికిచ్చే డబ్బుతో పల్లెల్లో బతుకుదెరువు ఎలా మారిందో పిల్లలకి చెప్పండి అని మీ సారు ఫోన్ చేశారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఊళ్లలో పొదుపు సంఘాలతో ఇరవై రెండేళ్లు పనిచేసిన మనిషిని నేను. సంఘం పుస్తకంలో ఎవరికి ఎంత అప్పు ఇచ్చామో రాస్తాం, పక్క గడిలో ఎందుకు ఇచ్చామో రాస్తాం. విత్తనాలకి, ఎరువులకి, ఆసుపత్రికి, పెళ్లికి, బర్రెకి, పాత అప్పు తీర్చడానికి. ఆ గడిని ఏళ్ల తరబడి రాసినదాన్ని కాబట్టి, అందులో నేను చూసినదే మీతో చెప్పుకుంటాను.

ముందు మిమ్మల్ని ఒక ఎరువుల దుకాణానికి తీసుకెళ్తాను. మా సంఘంలో ఒకామెకి రెండున్నర ఎకరాల చెలక ఉంది. పత్తి వేస్తారు. ప్రతి ఏడూ మృగశిర కార్తె ముందు ఆమె, ఆమె భర్త మండల కేంద్రంలోని దుకాణానికి పోయేవాళ్లు. దుకాణం మెట్టు కింద నిలబడేవాళ్లు. లోపల రద్దీ తగ్గాక సేటు తలెత్తి చూసేవాడు. అప్పుడు ఆమె అడిగే మాట ఒకటే: "ఈ యాడాది గూడ ఇస్తవా సేటు?" ఇస్తానంటే ఏ విత్తనం ఇస్తే అది, ఏ మందు ఇస్తే అది. రేటు అడిగేది లేదు. ఎర్ర అట్ట పుస్తకంలో ఆయన రాసుకునేవాడు, వీళ్లు వేలిముద్ర వేసి వచ్చేవాళ్లు.

ఆ రాతలో ఏముంటుందో మీరు లెక్కలు చదివే పిల్లలు కాబట్టి విడమరిచి చెబుతాను. ఇవాళ డీఏపీ బస్తా 1,350 రూపాయలు. ఉద్దెరకి అయితే పుస్తకంలో 1,500 పడుతుంది. దాని మీద నూటికి మూడు రూపాయల మిత్తి. జూన్ నుంచి పత్తి అమ్మే డిసెంబర్ దాకా ఆరు నెలలకి 270. అంటే 1,350 బస్తా ఆమెకి 1,770 అయింది. అన్నిటికన్నా బరువైన షరతు పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు. పంట వచ్చాక పత్తి ఆ సేటుకే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే వెయ్యాలి. తూకం ఆయనది, తరుగు ఆయన చెప్పినంత.

2018 మే 10న హుజూరాబాద్‌లో తెలంగాణ సర్కారు పంట పెట్టుబడి సాయం, రైతుబంధు, మొదలైంది. మొదటి విడత ఊరూరా చెక్కులు పంచారు, ఎకరాకి పంటకి నాలుగు వేలు. మరుసటి ఏడు నుంచి దాన్ని ఐదు వేలు చేశారు, అప్పటికే డబ్బు నేరుగా ఖాతాల్లో పడుతోంది. మా సంఘం ఆమెకి ఆ వానాకాలం పన్నెండు వేల ఐదు వందలు వచ్చాయి. నాకు బాగా గుర్తున్నది ఆ తర్వాతి వారం. వేరే పని మీద మండల కేంద్రానికి పోయి, నేను అదే దుకాణంలో ఉన్నాను. ఆమె మెట్టెక్కి లోపలికి వచ్చింది. కొంగు ముడిలో నోట్లు ఉన్నాయి, చేత్తో పట్టుకునే ఉంది. గల్లాపెట్టె ముందు నిలబడి, "రెండు తీర్ల విత్తనాలు జూపియ్యి. ఏది ఎంత?" అంది.

"ఇస్తవా" అని అడిగిన మనిషి "ఎంత" అని అడగడం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఆ రెండు మాటల మధ్యనే ఉంది.

ఆ డబ్బుతో ఆమె సాగు గట్టెక్కిందా అంటే, లేదు. దున్నకం, గుంటక, కలుపు తీసే కూలీ, పురుగు మందులు, చివర పత్తి ఏరే కూలీ అన్నీ లెక్కేస్తే ఎకరాకి ఐదు వేలు ఏ మూలకూ రాదు. కానీ రెండు విత్తన ప్యాకెట్లు, ఒక డీఏపీ, రెండు యూరియా బస్తాలు వస్తాయి. 2025 రేట్లు చూసినా ప్యాకెట్ 901, డీఏపీ 1,350, యూరియా 266 రూపాయల యాభై పైసలు. మొత్తం 3,685. సరిగ్గా ఆ సామాన్ల కోసమే రైతు సేటు గడప తొక్కేది. ఆ ఒక్క గడప తొక్కే పని తప్పితే మిగతా ఏడాదంతా వేరేగా నడుస్తుంది.

నడిచింది కూడా. నవంబర్‌లో ఊళ్లో దళారి పత్తికి క్వింటాల్ 4,800 అన్నాడు. ఆ సీజన్లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర 5,550. మామూలుగా అయితే ఆమెకి ఆ సంగతి తెలిసినా చేసేదేం లేదు, పుస్తకంలో పేరుంది. ఆ ఏడు పేరు లేదు. ఏరిన పత్తిని డాబా మీద మూడు రోజులు ఆరబోసింది. తేమ ఎనిమిది శాతం ఉంటే పూర్తి ధర, పన్నెండు దాటితే మద్దతు ధరకి పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ వాళ్లు తీసుకోరు. పొద్దున ఎండలో పరచడం, మంచు పడకముందే కుప్ప చేసి పరదా కప్పడం. పద్నాలుగు క్వింటాళ్లు జిన్నింగ్ మిల్లుకి తోలి, రాత్రంతా ట్రాక్టర్ మీదే పడుకుని అమ్ముకొచ్చారు. తేమకి కొంత కోత పడినా తొమ్మిది వేలకు పైగా తేడా వచ్చింది. సర్కారు ఇచ్చింది పన్నెండున్నర వేలు. ఆ పన్నెండున్నర వేలు ఇంకో తొమ్మిది వేలని తెచ్చిపెట్టాయి. ఏ పథకం కాగితంలోనూ ఈ తొమ్మిది వేలు మీకు కనపడవు.

"ఊరికే డబ్బులిస్తే జనం సోమరులైపోతారు, తాగేస్తారు" అన్న మాట మీరు వినే ఉంటారు. బస్సులో వింటాం, పెళ్లిలో వింటాం, టీవీలో వింటాం. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది, ఎందుకంటే అనేవాళ్లలో చాలామంది మే నెల ఎండలో ఒక్క పూట కూడా చేలో నిలబడినవాళ్లు కారు. అయినా బాధపడి ఊరుకోకూడదు, చూసి చెప్పాలి. చూసినవాళ్లు ఉన్నారు.

2011లో మధ్యప్రదేశ్‌లో సేవా అనే మహిళా సంస్థ, యూనిసెఫ్ సాయంతో ఒక ప్రయత్నం చేసింది. కొన్ని ఊళ్లలో ఏ షరతూ లేకుండా, ధనిక పేద తేడా లేకుండా ఊళ్లో అందరికీ నెలనెలా డబ్బు ఇచ్చారు. పెద్దవాళ్లకి 200, పిల్లలకి 100. ఏడాది తర్వాత 300, 150 చేశారు. ఆ పరిశోధన నడిపినవాళ్లలో మన హైదరాబాద్ మనిషి, శరత్ దావల ఉన్నారు. పక్కనే డబ్బు ఇవ్వని ఊళ్లని కూడా పెట్టుకుని పోల్చి చూశారు. తాగుడు పెరగలేదు. మేకలు, కోళ్లు, బర్రెలు పెరిగాయి. విత్తనాలు, ఎరువులు సొంతంగా కొనుక్కున్నారు. గిరిజనుల ఊళ్లో కూలికి పోయే రోజులు తగ్గి, సొంత పొలంలో పనిచేసే రోజులు పెరిగాయి. దూరం నుంచి చూసేవాడికి ఇదే "కూలికి రావడం లేదు, సోమరులయ్యారు" అన్నట్టు కనపడుతుంది. వాడి చేలోకి రాలేదు, అంతే. తన చేలో తను ఉన్నాడు.

మా పాలమూరులో దీనికి ఇంకో రూపం ఉంది. పాలమూరు లేబర్ అన్న మాట మీ తాతలకి తెలుసు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా మావాళ్లు ఉండేవాళ్లు. గుంపు మేస్త్రీ వచ్చి మొగుడూ పెళ్లాలకి కలిపి అడ్వాన్స్ ఇస్తాడు. ఆ అడ్వాన్స్ తీరేదాకా ఎక్కడ దింపితే అక్కడ పని. ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు ఇంట్లో మిగులుతారు. కొన్నిసార్లు పిల్లలు కూడా వెంట పోతారు. అడ్వాన్స్ ఎప్పుడు తీసుకుంటారో గమనించండి. ఇంట్లో ఒక్క రూపాయి లేని రోజున. జ్వరం వచ్చినప్పుడు, బావి ఎండినప్పుడు, సేటు ఇక ఉద్దెర ఇవ్వనన్నప్పుడు. నేను చూసిన ఊళ్లలో కాసింత భూమి ఉన్న కొన్ని కుటుంబాలు ఈ పదేళ్లలో మేస్త్రీకి "ఈసారి రాము" అని చెప్పగలిగాయి. నీళ్లు రావడం కూడా కారణం, అది దాచను. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వచ్చిన ఊళ్లలో మార్పుకి డబ్బు ఒక్కటే కారణమని చెబితే అబద్ధం అవుతుంది. కానీ నీళ్లు రాని ఊళ్లలో కూడా ఆ మాట అన్నవాళ్లు ఉన్నారు.

భూమి లేనివాళ్లు ఆ మాట అనలేకపోయారు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు పింఛన్ల గురించి. తెలంగాణలో 2014 నవంబర్‌లో ఆసరా మొదలైనప్పుడు ముసలివాళ్లకి, భర్త పోయిన ఆడవాళ్లకి నెలకి వెయ్యి రూపాయలు. 2019 జూన్ నుంచి 2,016. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2024 జూలై నుంచి నాలుగు వేలు, అది కూడా ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. పింఛన్ అంటే ముసలివాళ్ల మందులకి, కాస్త టీ నీళ్లకి అనుకుంటాం. దాంతో బతుకుదెరువుకి సంబంధం ఏముంది అనిపిస్తుంది.

మా ఊళ్లో పది మంది ముసలమ్మలు ఒక చీటీ వేశారు. ఎవరూ చెప్పలేదు, నాకు కూడా చెప్పలేదు. ఆరు నెలల తర్వాత తెలిసింది. పింఛన్ తీసుకున్న రోజు సాయంత్రం పోచమ్మ గుడి అరుగు మీద కూర్చుంటారు. తలా ఐదు వందలు కొంగులోంచి తీసి నడుమ పరచిన తువ్వాలు మీద పెడతారు. ఐదు వేలు అవుతాయి. చీటీ పాట పాడరు, వంతులవారీగా ఇచ్చుకుంటారు. ఎవరికైనా అవసరం మీద పడితే వంతు మార్చుకుంటారు. రాతకోతలేం లేవు. పది చింతగింజలు ఒక డబ్బాలో వేసుకుంటారు, ఎవరి వంతు అయిపోతే ఒక గింజ తీసేస్తారు. అందులో ఒకామె తన వంతు వచ్చినప్పుడు ఒక ఆడమేక పిల్లని కొన్నది. ఆమెకి డెబ్బై ఏళ్లు దాటాయి. నేను పోయినప్పుడు ఆ మేకకి వేపమండ తినిపిస్తూ, "ఇది ఈతకొచ్చింది బిడ్డా" అని దాని కడుపు తడిమి చూపించింది. ఇంకొకామె మనవరాలికి కుట్టు మిషన్ కొనడానికి కొడుకు పెట్టిన డబ్బులో తన ఐదు వేలు కలిపింది. ఆ మిషన్ మీద ఇప్పుడు ఊళ్లో జాకెట్లు కుడుతున్నారు.

ఈ చింతగింజల చీటీని నేను ఎంత గౌరవంగా చూస్తానో, దీనికి జోడీ ఎక్కడ దొరికిందో విన్నప్పుడు అంత ఆశ్చర్యపోయాను. తూర్పు ఆఫ్రికాలో కెన్యా అనే దేశం ఉంది. అక్కడ గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ పేద ఊళ్లలో ఫోన్ ద్వారా డబ్బు వేస్తోంది. 2018లో మొదలుపెట్టిన ఒక పెద్ద పరిశోధనలో కొన్ని ఊళ్లకి నెలకి ఇరవై రెండున్నర డాలర్ల చొప్పున పన్నెండేళ్లు ఇస్తామన్నారు. కొన్ని ఊళ్లకి అంతే డబ్బు రెండేళ్లు మాత్రమే. ఇంకొన్నిటికి దాదాపు రెండేళ్ల డబ్బంతా ఒకేసారి, సుమారు 500 డాలర్లు. అభిజిత్ బెనర్జీ, తవనీత్ సూరి, పాల్ నీహౌస్ లాంటి ఆర్థికవేత్తలు దీని ఫలితాలు చూశారు. ఒకేసారి పెద్ద మొత్తం అందుకున్నవాళ్లు, రెండేళ్లు నెలనెలా అందుకున్నవాళ్లకన్నా ఎక్కువ చిన్న వ్యాపారాలు పెట్టారు. అది ఊహించదగ్గదే, నెలకి కొంత కొంత వస్తే తిండికే పోతుంది. మరి పన్నెండేళ్లు వస్తుందని తెలిసినవాళ్లు ఏం చేశారు? వాళ్లూ నెలనెలా అందుకునేవాళ్లే. వాళ్లు చీటీలు వేసుకున్నారు! ఇంకా చాలా ఏళ్లు వస్తుందన్న నమ్మకంతో చీటీ కట్టి, చిన్న మొత్తాలని పెద్ద మొత్తాలుగా మార్చుకున్నారు.

పోచమ్మ గుడి అరుగు మీద ముసలమ్మలకి ఈ సంగతి చెప్పాను. "మరి చీటి కట్టకుంటె ఏం జేస్తరు?" అన్నారు. వాళ్లకి అందులో వింత ఏం కనపడలేదు.

దీంట్లో నాకు అర్థమైనది ఏంటంటే, వచ్చే నెల కూడా ఖాయంగా వస్తుందన్న ధీమా లేకపోతే చీటీ లేదు. చీటీ లేకపోతే మేక లేదు. రెండు నెలలు పింఛన్ ఆలస్యమైతే ముందు తెగేది ఆ తువ్వాలు మీది లెక్కే.

కెన్యా మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెబుతాను. మీ పుస్తకాల్లో ధరలు పెరగడం గురించి చదివి ఉంటారు, ఊరందరికీ డబ్బు పంచితే అంగట్లో రేట్లు పెరుగుతాయి కదా అని. సియాయా అనే ప్రాంతంలో 653 ఊళ్లని తీసుకుని, దాదాపు పదిన్నర వేల కుటుంబాలకి ఒక్కోదానికి సుమారు వెయ్యి డాలర్లు ఇచ్చి చూశారు. ధరలు పెరిగింది అర శాతం కూడా లేదు. ఇచ్చిన ఒక్కో డాలర్ ఆ చుట్టుపక్కల రెండున్నర డాలర్ల దాకా వ్యాపారంగా తిరిగింది. డబ్బు అందని కుటుంబాల ఆదాయం కూడా పెరిగింది. ఎలా అంటే, పల్లెటూరి కిరాణా కొట్టు మధ్యాహ్నమంతా ఈగలు తోలుకుంటూ ఖాళీగానే ఉంటుంది. టైలర్ మిషన్ సగం రోజు మూతేసి ఉంటుంది. గిరాకీ వస్తే వాళ్లు రేటు పెంచక్కర్లేదు, మిషన్ మూత తీస్తే చాలు.

అయితే భూమి అలా కాదు, దాన్ని ఎక్కువ గంటలు తెరిచి ఉంచలేం. మా వైపు రైతుబంధు వచ్చాక కౌలు రేట్లు తగ్గలేదు, పెరిగాయి. పట్టాదారు చేతికి పెట్టుబడి డబ్బు వచ్చింది కాబట్టి కౌలు తగ్గిస్తాడేమో అని నేను మొదట్లో ఆశపడ్డాను.

అక్కడికే వద్దాం. ఇది నా మనసుని ఎప్పుడూ తొలిచే సంగతి. డబ్బు పట్టా పాస్‌బుక్ ఉన్నవాడికి వస్తుంది. ఎంత భూమి ఉంటే అంత డబ్బు, పైన హద్దు పెట్టలేదు. రెండెకరాలకి పంటకి పది వేలు, యాభై ఎకరాలకి రెండున్నర లక్షలు. దున్నేవాడు ఎవరని ఎవరూ అడగలేదు. మా మండలంలో ఒక కౌలు కుటుంబం ఉంది, ఆరు ఎకరాలు చేస్తారు. ఆ భూమి పట్టా హైదరాబాద్‌లో ఉండే ఒకాయన పేరు మీద ఉంది. జూన్‌లో మెసేజ్ ఆయన ఫోన్‌కి వస్తుంది. ఇక్కడ ఈ మొగుడూ పెళ్లాలు అదే దుకాణం మెట్టు కింద నిలబడి "ఇస్తవా సేటు?" అని అడుగుతారు. మా ఆమె మెట్టెక్కిన ఏడాది కూడా వాళ్లు మెట్టు కిందే ఉన్నారు. ఒకే దుకాణం, ఒకే వారం.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. పక్క ఊళ్లో రిటైరైన పంతులు గారు ఒకాయన ఉన్నారు. ఖాతాలో పడిన ప్రతిసారీ ఆ మొత్తం డ్రా చేసి కౌలుదారు చేతిలో పెడతారు. "పంట పెట్టుబడి సాయం అన్నారు, పెట్టుబడి పెట్టేది నువ్వు" అంటారట. ఆయనకి చేతులెత్తి దండం పెడతాను. కానీ ఒక కుటుంబం బతుకు ఇంకొకరి మంచితనం మీద ఆధారపడకూడదు కదా.

ఆంధ్రప్రదేశ్‌లో కౌలుదారుకి కార్డు ఇచ్చే చట్టం 2019లో వచ్చింది. పదకొండు నెలలకి చెల్లే కార్డు. దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, గట్టిగా అడిగితే కౌలు పోతుందేమోనని రైతు భయం. రైతుభరోసా అన్న ఆ రాష్ట్రం పథకం కింద అక్కడ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకి చోటిచ్చారు, కానీ ఆ సంతకం దగ్గర చాలామంది ఆగిపోయారు. తెలంగాణలో 2025 జనవరి 26న రైతుబంధుకి బదులు రైతుభరోసా పేరుతో ఎకరాకి ఏడాదికి పన్నెండు వేలు, దాంతో పాటు భూమి లేని ఉపాధి కూలీ కుటుంబాలకి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి పన్నెండు వేలు మొదలుపెట్టారు. భూమి లేని మనిషిని కూడా లెక్కలోకి తీసుకున్న ఆ ఆలోచనని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ముందు ఎక్కువగా తల వంచేది వాళ్లే.

ఇక చివరిగా అదను గురించి. "అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అని సామెత. డబ్బుకి కూడా అదను ఉంది. జూన్ మొదటి వారంలో వచ్చిన ఐదు వేలు విత్తనం అవుతుంది. ఆగస్టులో వచ్చిన ఐదు వేలు సేటు బాకీకి పోతుంది. నోటు అదే, అంకె అదే. 2023 చివర్లో మొదలైన యాసంగి విడత కొంతమంది ఖాతాల్లో పడేసరికి ఎండాకాలం వచ్చేసింది. 2024 వానాకాలానికి సాయం అసలు పడలేదు. ఆ జూన్‌లో మా సంఘం పుస్తకంలో 'ఎందుకు' గడి నిండా మళ్లీ విత్తనాలకి, ఎరువులకి అని రాయాల్సొచ్చింది. మెట్టెక్కిన మా ఆమె మళ్లీ మెట్టు దిగింది. నేను వెళ్లి చూడలేదు, ఆమే చెప్పింది. "ఈసారి రాసిచ్చినక్కా" అని తల వంచుకుని చెప్పింది. 2025 జూన్‌లో తొమ్మిది రోజుల్లో తొమ్మిది వేల కోట్ల దాకా రైతుల ఖాతాల్లో వేశారు. అంటే తలుచుకుంటే అదనుకి వెయ్యడం సాధ్యమే.

ఖాతాలో పడ్డాక కూడా చేతికి రావడం ఇంకో ప్రయాణం. ఒక బ్యాంకు బ్రాంచిలో పాత పంట రుణం బాకీ ఉందని వచ్చిన సాయాన్ని పట్టుకున్నారు. అలా పట్టుకోవద్దని సర్కారు చెప్పినా సరే. మూడుసార్లు తిరిగి, నేను కూడా వెంట వెళ్లి కూర్చుంటే విడిచిపెట్టారు. అప్పటికి వాన పడి, పదును ఆరిపోయింది. బీడీలు చుట్టిన వేళ్లు, కలుపు తీసిన వేళ్లు వేలిముద్రల మిషన్ మీద పడేవి కావు. పింఛన్ రోజు ముసలివాళ్లు వేలికి కొబ్బరినూనె రాసి, తుడిచి, చీరకి రుద్ది మళ్లీ పెట్టేవాళ్లు. నాలుగోసారికి పడకపోతే రేపు రమ్మనేవాళ్లు. రేపు అంటే ఇంకో ఆటో ఖర్చు.

దీనికి మందు ఖరీదైనది కూడా కాదు. 2018లో మొదటి చెక్కులు పంచినప్పుడు కార్తీక్ మురళీధరన్, ఇంకొందరు ఆర్థికవేత్తలు తెలంగాణలో ఒక చిన్న పని చేశారు. రైతులకి ఫోన్ చేసి "చెక్కు అందిందా, ఏ రోజు అందింది?" అని అడిగారు. కొన్ని మండలాల్లో అధికారులకి ముందే చెప్పి ఉంచారు, మీ రైతులకి ఇలా ఫోన్లు వెళ్తాయి అని. ఆ మండలాల్లో చెక్కులు అందడం కొంచెం మెరుగైంది. ఎవరినీ సస్పెండ్ చేయలేదు, కొత్త యాప్ పెట్టలేదు. అడిగారు, అంతే.

మీ దగ్గర ఫోన్లు ఉన్నాయి. మీలో సగం మంది ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ నాన్నని మూడు అడగండి. ఈ ఏడు డబ్బు ఖాతాలో ఏ తేదీన పడింది, విత్తనాలు ఏ తేదీన కొన్నారు, రొక్కానికి కొన్నారా ఉద్దెరకా. మీ వీధిలో కౌలుకి చేసేవాళ్ల ఇంటికి కూడా పోండి, మొదటి ప్రశ్న వాళ్లకి వర్తించదు, మిగతా రెండూ అడగండి. ఒక్కొక్కరు పది ఇళ్లు చేసినా ఈ గదిలో ఉన్నవాళ్లతో ఏడు వందల ఇళ్లు అవుతాయి. కాగితం మీద రాసి మీ సారుకి ఇవ్వండి, ఆ రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టడానికి నేను మళ్లీ వస్తాను.

ఇప్పుడు మీరు అడగండి. మూడో వరుసలో అమ్మాయి ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు ఆమెకి మైకు ఇవ్వండి.